గడప మన్ను, గట్టి బండ

రామచందర్ నక్షల చుట్టను చంకలో పెట్టుకుని గుమ్మంలో ఆగాడు. వంటింటి వైపు చూడకుండా, వంటింటికి వినపడేటంత గట్టిగా అన్నాడు.

"నాలుగు గంటలకు మూర్తిగారు సైటుకు వస్తున్నరు. ఆయన నక్ష మీద దస్తఖత్ చేస్తున్న. ఇగ ఈ ఇంట్ల పునాది పైళ్ల ముచ్చట వద్దు."

దేవుడి అలమర ముందు వత్తులు చేస్తున్న విద్యావతి తల ఎత్తలేదు. వంటింట్లో పోపు చప్పుడు మాత్రం ఆగింది. చంద్రిక చేతిలో గరిటెతోనే బయటికి వచ్చింది. నిన్నటి నుంచి ఆ పిల్ల మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదని విద్యావతికి తెలుసు. కోడలి పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"మామయ్యా, రెండు రోజులు ఆగున్రి. ఎక్కడనో తేడా ఉన్నది."

"లెక్క నీదే గద బిడ్డా. పైలు పన్నెండు మిల్లీమీటర్లు దాటి కుంగితే ఫెయిలన్నది నువ్వే. పదిహేడు కుంగింది. నీ చేతితోనే రాసినవు. ఇంకేం ఆగాలె?"

"కుంగింది మామయ్యా. ఎందుకు కుంగిందో తెల్వలే."

"నాకు తెలుసు. బండ లోపలికి మూడు మీటర్లు దిగాలని మూర్తిగారన్నరు. అరవై సెంటీమీటర్లు చాలని నువ్వన్నవు. చాలలే. గంతే."

రవికిరణ్ తండ్రికీ భార్యకీ మధ్య కుర్చీలో కూర్చుని హెల్మెట్ అద్దం తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"బాయిలు తవ్వినోళ్ల బిడ్డ, బండ గురించి తెల్వంది ఉండదని నేనే పదిమందికి చెప్పుకున్న," అన్నాడు రామచందర్. "నా ముక్కు నేనే కోసుకున్న."

"నాయినా, గా మాట ఎందుకు ఇప్పుడు?"

"నువ్వు పోయి దుకాణం తెరువు. యూనిఫారాలకు వచ్చినోళ్లు షట్టర్ ముందర నిలబడి ఉంటరు."

రవికిరణ్ లేచాడు. మొజంజాహీ మార్కెట్ పక్కన తాత్కాలికంగా తీసుకున్న చిన్న కొట్టు అది. వెళ్తూ వెళ్తూ భార్య వైపు చూశాడు. చంద్రిక చూడలేదు. తండ్రి పేరెత్తిన మాటకు ఆమె జవాబు చెబుతుందని విద్యావతి ఎదురుచూసింది. చంద్రిక వంటింట్లోకి వెళ్లి పొయ్యి ముందు నిలబడింది. జవాబు చెప్పి ఉంటేనే బాగుండేదనిపించింది విద్యావతికి. తిట్టిన మాట ఒక పూటలో పోతుంది. మింగిన మాట ఎక్కడికీ పోదు.

రామచందర్ మెట్లు దిగిపోయాడు.

అబిడ్స్‌లో యాభై ఏళ్ల బట్టల దుకాణం, దాని మీద యాభై ఏళ్ల ఇల్లు. రెండింటినీ కూలగొట్టి ఐదంతస్తులు కట్టాలని మొదలుపెట్టారు. కింద దుకాణం, నడుమ కిరాయికి, పైన తమ ఇల్లు. అంతవరకు నాంపల్లిలో ఈ కిరాయి పోర్షన్. అబిడ్స్ స్థలం అడుగున పన్నెండు మీటర్ల దాకా ఎప్పుడో పోసిన మట్టి, చెత్త. ఆ కింద నల్లటి గట్టి బండ. కాబట్టి నలభై రెండు పైళ్లు, అంటే బండ దాకా దిగే కాంక్రీటు స్తంభాలు, వేయక తప్పదు. వాటి లెక్క వేసింది ఇంజనీరు చదివిన చంద్రికే. ఆ బండను ఒక్క మీటరు తొలచడానికి యంత్రానికి ఒక రోజు పడుతుంది. పెద్ద ఇంజనీరు మూర్తిగారి నక్ష ప్రకారం మూడేసి మీటర్లు పోతే వర్షాకాలం దాకా తొలుచుడే. ఆ ఖర్చుకు పై రెండంతస్తులు మానుకోవాలి. ఆ రెండంతస్తులే ఇల్లు.

ఇల్లొక్కటే అయితే విద్యావతి ఇంత బాధపడేది కాదు. ఆ దస్తఖత్ పడితే ఈ ఇంట్లో చంద్రిక మాట ఇంకెప్పుడూ నిలబడదు. అదీ ఆమె గుండెల్లో ముల్లు.

*

"తిను."

"ఆకలి లేదత్తమ్మా."

"ఆకలి లేకపోవుడు వేరు, అలుగుడు వేరు."

"అలగలే. ఆలోచిస్తున్న."

విద్యావతి చపాతీ పీట ముందు కూర్చుంది. "అయితే నాకు చెప్పు. నేను పదో తరగతి దాక చదివిన. నాకు అర్థమైతే ఎవరికైనా అయితది. పైలు కుంగిందని ఎట్ల చూస్తరు?"

చంద్రిక గరిటె పక్కన పెట్టింది. తరవాత అత్త ఎదురుగా నేల మీద కూర్చుంది.

"పైలు నెత్తి మీద జాకీ పెడ్తం. లారీ టైరు మార్చేటప్పుడు పెడ్తరు చూడున్రి, గదే, శానా పెద్దది. దాని మీద ఇనుప దూలాలు, దూలాల మీద నూటపది సిమెంటు దిమ్మెలు. జాకీ పైకి లేవబోతే దిమ్మెల బరువు లేవనియ్యది. అప్పుడు ఆ బలమంత పైలు మీదికి దిగుతది. బిల్డింగు కట్టినంక ఒక్కో పైలు మోసేది నూటయాభై టన్నులు. మనం రెండువందల ఇరవై ఐదు దాక పెట్టినం. పైలు చుట్టూ నాలుగు గడియారాలు కడ్తం. వెంట్రుక వాసి కుంగినా ముల్లు తిరుగుతది."

"అంత బరువుకు పదిహేడు కుంగుడు పెద్ద తప్పా?"

"బండ మీద నిలబడ్డ పైలు మామూలుగ నాలుగైదు కంటె ఎక్కువ కుంగది." చంద్రిక పీట మీద రాలిన పిండిని అరచేత్తో పరిచి వేలితో గీత గీసింది. "బండ మంచిది కాకపోతే బరువు పెంచిన కొద్దీ ఇంకింత జోరుగ దిగాలె. ఇది ఉల్టా ఉన్నది. అరవై టన్నులకే తొమ్మిది మిల్లీమీటర్లు దబ్బున దిగింది. తర్వాత నింపాదిగ. ఆఖర్ల అసలు కదలనే లే. మెత్త మీద కూర్చున్నట్టు. మెత్త అణిగినంక కింద గట్టిది తగిలినట్టు."

"అడుగున బురద ఉన్నదేమో."

"లేదు. నేనే దారానికి గుండు కట్టి అడుగుకు దించి చూసిన. చేతికి టక్కుమని తగిలింది. మా నాయిన గడ్డపార వేసి చప్పుడు విని చెప్పెటోడు, ఇది బండ, ఇది రాయి అని. నేను దారం పట్టుకుని విన్న. అది బండే." ఆమె గొంతు తగ్గింది. "గప్పుడే సిమెంటు లారీ లక్డీకాపూల్ కాడ ఇరుక్కున్నదని ఫోనొస్తే రోడ్డు మీదికి పోయిన. ముప్పావు గంట. వచ్చినంక మేస్త్రీ అంజన్‌ను అడిగిన, సిమెంటు పోసేముందు గుంత అడుగు మళ్ల కడిగినవా అని. కడిగిన అన్నడు."

విద్యావతి చేతిలో పిండి ముద్ద ఆగిపోయింది.

ఆ ముప్పావు గంట ఆమెకు బాగా తెలుసు.

అత్తగారు సుబ్బరత్నం బతికున్నప్పుడు ఒక మాట అనేది. ఇల్లు మారినా ఇంటి మన్ను మారొద్దని. పాత గడప కింద మన్ను తీసి, నవధాన్యాలు కలిపి, కొత్త పునాదిలో ఈశాన్య మూలన వెయ్యాలని. పాత ఇల్లు కూలగొట్టిన రోజు విద్యావతి తన చేతులతో ఆ మన్ను తవ్వి పసుపు గుడ్డలో కట్టుకుంది. తీరా చూస్తే కొత్త పునాది మోకాలి లోతు కందకం కాదు, పాతాళం దాకా దిగిన గుంత. అయినా మూల మూలే కదా.

చంద్రికను అడిగింది కూడా. "పూజ పైన ఎంతసేపైనా చేసుకుందాం అత్తమ్మా. గుంతల మాత్రం పువ్వు గూడ పడొద్దు," అంది కోడలు, పని తొందరలో. అదొక్కటే అంది. ఎందుకో చెప్పలేదు. విద్యావతి మనసు చివుక్కుమంది. దేవుడికి ఆ గుంతలో చోటు లేదా అనుకుంది. ఆ ముప్పావు గంటలో అంజన్‌ను పిలిచి మూట చేతికిచ్చింది. పైలింగ్ పనివాళ్లకు మేస్త్రీ అతను. "మేడంకు తెలిస్తే నన్ను గూడ గీ గుంతలనే పాతేస్తది అమ్మా," అని నవ్వుతూనే తాడు కట్టి దించాడు. కడిగితే మూట కొట్టుకుపోతుందని, మళ్లీ కడగలేదు.

"చంద్రికా, పొయ్యి బంద్ చెయ్."

"ఎందుకత్తమ్మా?"

"బంద్ చేసి కూర్చో."

చెప్పింది. తన తప్పును తాను చెప్పుకోవడం ఎంత కష్టమో యాభై ఆరేళ్లకు తెలిసింది. సగంలో ఆగింది. నీళ్లు తాగి మిగతాది చెప్పింది.

చంద్రిక ముఖంలో రంగు పోయింది. తరవాత వచ్చింది.  విద్యావతి తిట్లకు సిద్ధపడింది.

"ఎంత మన్ను?" అంది చంద్రిక.

"ఏంది?"

"ఎన్ని కిలోలు ఉంటది?"

"పది కిలోల బియ్యం సంచి ఉంటది గద. దానికి నిండ."

చంద్రిక పిండి మీద వేలితో ఏవో అంకెలు వేసింది, చెరిపింది, మళ్లీ వేసింది. "గుంత అడుగు రెండడుగుల వెడల్పు. సమంగ పరుచుకుంటే రెండు వేళ్ల మందం. అణిగితే..." ఆమె చెయ్యి ఆగింది. ఒక్కసారిగా నవ్వొచ్చింది ఆమెకు. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. "అత్తమ్మా, బండ మంచిదే. నా లెక్క మంచిదే."

"నన్ను తిట్టవా?"

"నన్ను ఒక్క మాట అడగకపోతిరి?"

"అడిగిన. వద్దంటివి."

 కింద రోడ్డు మీద స్టేషన్ వైపు పోయే ఆటోల హారన్లు వినపడుతున్నాయి.

"ఔ. వద్దంటి," అంది చంద్రిక చివరికి. "ఎందుకు వద్దో చెప్పి ఉండాలె."

"చెప్పినా నేను వినకపోదును బిడ్డా. ఉన్నమాట అనుకుందాం."

చంద్రిక లేచి కంచంలో రెండు చపాతీలు వేసుకుంది. నిలబడే తింది. "మీ పేరు నేను ఎక్కడ గూడ చెప్ప. ఇంకో పైలు టెస్టు చేద్దామని మామయ్యను అడుగుత."

"కారణం చెప్పనిది ఆయన ఒప్పుకోడు. నాకు తెల్వదా ఆయన సంగతి."

విద్యావతి దేవుడి అలమర ముందుకు వెళ్లింది. వెలిగించని వత్తులు అట్లాగే ఉన్నాయి. స్వామీ, నీకని వేసిందే నీ ఇంటికి అడ్డమైందా? లేక నువ్వడగనిదాన్ని నేనే నీ పేరు పెట్టి వేసుకున్ననా? ఆయన ఏమీ అనలేదు. ఆయన ఎప్పుడూ అంతే, మనమే తేల్చుకోవాలి.

దీపం వెలిగించి, చీర మార్చుకుని, కోడలితో పాటు ఆటో ఎక్కింది.

*

సైటులో దిమ్మెల గుట్ట రెండంతస్తుల ఎత్తున నిలబడి ఉంది. దాని నీడలో మడత కుర్చీ వేసుకుని రాధాకృష్ణమూర్తి కూర్చున్నారు. ప్రభుత్వంలో ఇంజనీరుగా రిటైరైన మనిషి. ఎండున్నా లేకున్నా చేతిలో గొడుగుంటుంది. మోకాళ్ల మీద నక్ష పరిచి, ఎక్కడ దస్తఖత్ చెయ్యాలో రామచందర్‌కు వేలితో చూపిస్తున్నారు.

"సంతకానికి ముందు ఒక మాట మూర్తిగారూ," అంది విద్యావతి.

రామచందర్ తలెత్తాడు. భార్యను చూసి ఆశ్చర్యపోయాడు, వెనక కోడలిని చూసి మొహం ముడుచుకున్నాడు. జాకీకి నూనె పెడుతున్న అంజన్ మాత్రం విద్యావతి మొహం చూడగానే లేచి నిలబడ్డాడు. తప్పు చేసిన ఇద్దరికి ఒకరి మొహం ఒకరికి చాలు.

ఆమె చెప్పింది. ఈసారి మధ్యలో ఆగలేదు.

"కడగలేదు సార్," అన్నాడు అంజన్ నేల చూస్తూ. "అమ్మ మాట కాదనలేకపోయిన. మేడంకు అబద్ధం చెప్పిన."

ఇప్పుడు పిడుగు పడుతుందని విద్యావతి పెదవి బిగబట్టింది. పడలేదు. రామచందర్ అంజన్ వంక చూశాడు, తరవాత దిమ్మెల వంక, తరవాత ఎటో చూశాడు. ఒక్క మాట అనలేదు. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆయన కోపం రావాల్సిన చోట రాకపోవడం ఇదే మొదలు.

మూర్తిగారు కళ్లద్దాలు తీశారు. "ముప్పై ఏడేళ్ల సర్వీసులో పైలు ఫెయిలవడానికి చాలా కారణాలు విన్నానమ్మా. గడప మన్ను వినలేదు."

"తప్పు నాదే."

"తప్పు సంగతి అలా ఉంచండి. మీరు మన్ను వేశారన్నది నిజమే. దానివల్లే కుంగిందన్నది ఇంకా తేలాలి. రెండూ ఒకటి కాదు."

చంద్రిక ముందుకు వచ్చి కాగితం ఆయన మోకాళ్ల మీద పెట్టింది. "సార్, ఆఖరి అంకె కాకుండ గీత చూడున్రి. మొదలు దిగింది, తర్వాత ఆగింది. బండదే తప్పయితే ఆగేదా?"

ఆయన గీతను చాలాసేపు చూశారు. వేలితో దాని వెంట నడిచారు. 

"ఇది నేను నిన్ననే చూడాల్సింది," అన్నారు చివరికి. "పదిహేడు అనగానే అక్కడితో ఆగిపోయాను. సరే. ఇంకో పైలు పరీక్షిద్దాం. అది కూడా కుంగితే?"

"మీ నక్ష మీద మొదటి దస్తఖత్ నేను చేస్త."

"దస్తఖత్ ఒక్కటే కాదు," అన్నాడు రామచందర్, అప్పటికి గొంతు దొరికినట్టు. "మళ్ల ఈ గేటు లోపలికి నువ్వు రావొద్దు. ఇంట్ల గూడ ఇగ ఈ పని ముచ్చట నీ నోట రావొద్దు."

"ఔ మామయ్యా."

పరీక్ష తేలేదాకా అని మూడు పైళ్లే పోసి ఆపారు. ఈశాన్యాన ఒకటి, నడుమ ఒకటి, నైరుతిన ఒకటి. మూర్తిగారు గొడుగు చివరతో నైరుతి మూలను చూపారు.

"ఆ మూలకు క్రేను తిరగది," అన్నాడు రామచందర్ వెంటనే. "నడుమది చూడున్రి."

తిరిగి వచ్చేటప్పుడు ఆయన కూడా వాళ్ల ఆటోలోనే ఎక్కాడు. ఇప్పుడు తిడతాడు, ఇప్పుడు తిడతాడు అని విద్యావతి కాచుకుని కూర్చుంది. మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆటో ఆపించి దిగాడు. రెండు సీతాఫలం ఐస్‌క్రీములతో వచ్చాడు, ఒకటి ఆమెకు, ఒకటి కోడలికి.

"మీకు?" అంది విద్యావతి.

"నాకు గొంతు మంచిగ లేదు," అని అటు తిరిగి కూర్చున్నాడు.

అడగకుండా ఆయన కొనిపెట్టిన మొదటి ఐస్‌క్రీం అది. భర్త మనసు ఇంత మెత్తనని తెలియక ఇన్నేళ్లు ఊరికే భయపడ్డానే అనుకుంది విద్యావతి.

*

దిమ్మెలన్నీ నడుమ పైలు మీదికి మార్చడానికి ఐదు రోజులు పట్టింది. ఆరో రోజు పొద్దున అందరూ చేరారు. రవికిరణ్ దుకాణం షట్టర్ సగం దించి వచ్చాడు.

మూర్తిగారు ఒక షరతు పెట్టారు. "గడియారాలు నాలుగు, చదివేవాళ్లం నలుగురం. రామచందర్‌గారు, విద్యావతిగారు, అబ్బాయి, నేను. అమ్మాయి రాస్తుంది, అంతే, ముట్టుకోదు. రేపు ఒకరి మీద ఒకరు తోసుకునే పని ఉండకూడదు."

"నాకు ఇది చదవ వస్తదా?" అంది విద్యావతి.

"వస్తది అత్తమ్మా. పెద్ద ముల్లు ఒక చుట్టు తిరిగితే ఒక మిల్లీమీటరు. చుట్టులో నూరు గీతలు. కూరగాయల తరాజు ముల్లు చూసినట్టే."

"తరాజు దగ్గర మా అమ్మను మోసం చేసినోడు నాంపల్లిల లేడు," అన్నాడు రవికిరణ్. చంద్రిక నవ్వింది. వారం రోజుల తరవాత భర్త మాటకు నవ్వింది. రవికిరణ్ చెవులు ఎర్రబడ్డాయి.

అంజన్ జాకీ కొట్టడం మొదలుపెట్టాడు. ముప్పై టన్నులు. అరవై.

"అమ్మా, మీది?" అన్నారు మూర్తిగారు.

"ముల్లు... ఒక చుట్టు గూడ తిరగలే. తొంభై రెండు గీతలు."

"నాది తొంభై," అన్నాడు రవికిరణ్.

"ఎనభై ఎనిమిది," అన్నాడు రామచందర్. కళ్లద్దాలు గడియారానికి ఆనించి ఉన్నాయి.

పోయినసారి అరవై టన్నులకు తొమ్మిది మిల్లీమీటర్లు. ఈసారి ఒకటి కూడా లేదు. ఎవరూ ఆ మాట పైకి అనలేదు. చంద్రిక పెన్ను మాత్రం కాగితం మీద కొంచెం గట్టిగా నొక్కుకుంది.

ప్రతి మెట్టుకూ గంటకు పైగా ఆగాలి. నూటయాభై దగ్గర టీ వచ్చింది. నూట ఎనభై దగ్గర దిమ్మెల కింద ఇనుప దూలం కిర్రుమంది. విద్యావతి పెదవుల మీద నామం ఆగకుండా నడుస్తోంది. స్వామీ నువ్వు గెలిపించు అనబోయి ఆగింది. ఉన్నది ఉన్నట్టు చూపించు, చాలు అనుకుంది. అట్లా మొక్కడం ఆమెకు కొత్త.

రెండువందల ఇరవై ఐదు.

"నాలుగు చుట్లు. మీద యాభై ఎనిమిది," అంది విద్యావతి.

"నాలుగు, అరవై."

"నాలుగు, యాభై ఐదు."

మూర్తిగారు తన గడియారాన్ని రెండుసార్లు చదివారు. "నాలుగు, అరవై రెండు. ఇప్పుడే సంబరపడకండి. రేపటి దాకా ఈ బరువు ఇలాగే ఉండాలి."

మరునాడు పొద్దున పది గంటలకు మళ్లీ చదివారు. నాలుగు, ఎనభై. రాత్రంతా అంత బరువు మోసి, పైలు కదిలింది వెంట్రుకంత.

"ఇక దించు అంజన్."

జాకీ వదులవుతున్న కొద్దీ విద్యావతి కళ్ల ముందు ముల్లు వెనక్కి నడవడం మొదలుపెట్టింది. నాలుగు. మూడు. రెండు.  ఒకటి దాటింది. తొంభై దగ్గర ఆగింది.

"వెనక్కి వచ్చింది," అంది. "తొంభై గీతలే మిగిలింది. ఎట్ల వచ్చింది బిడ్డా?"

చంద్రిక తల వంచి ఆ అంకె రాసుకుంటోంది. మూర్తిగారే చెప్పారు. "బరువుకు కాంక్రీటు కాస్త నొక్కుకుంది, బరువు తీస్తే మళ్లీ సాగిందమ్మా. అంతే. బండ కదల్లేదు. మీ కోడలు చెప్పిన అరవై సెంటీమీటర్లే చాలు."

ఆయన తన నక్షను మడిచి సంచిలో పెట్టేశారు. చంద్రిక నక్షను మోకాళ్ల మీద పరిచి, కింద తన సంతకం పెట్టారు.

"మూడు మీటర్లు నేను లెక్క వేసి రాయలేదమ్మాయ్," అన్నారు, తల ఎత్తకుండానే. "భయపడి రాశాను. కుంగితే నా పేరు చెబుతారని. లోతు ఎక్కువైతే ఎవరూ ఏమీ అనరు కదా. ఒకసారి పరీక్షించి చూద్దాం అన్నవాళ్లు ఇన్నేళ్లలో లేరు."

విద్యావతికి తన ప్రదక్షిణలు గుర్తొచ్చాయి. పదకొండు చాలని పంతులుగారు చెప్పినా, లెక్క తప్పానేమోనని ఇంకో ఐదు తిరిగే తను. ఆయన మీద ఆమెకు జాలి కలిగింది, కొంచెం చుట్టరికం కూడా.

రామచందర్ ఫోను తీశాడు. స్పీకరు పెట్టి, అందరికీ వినపడేలా పట్టుకున్నాడు.

"బిచ్చయ్య బావగారూ, నేను రామచందర్‌ను. మీ బిడ్డ బండను గెలిచింది. ముప్పై ఏడేళ్ల సర్వీసున్న ఇంజనీరు దస్తఖత్ చేసిండు. మా ఇల్లు ఐదంతస్తులు లేస్తది."

 అవతలి నుంచి నెమ్మదిగా గొంతు వచ్చింది. "బండను ఎవరు గెలుస్తరు బావగారూ. దాని మాట ఇన్నది నా బిడ్డ. గంతే."

"గదే. మేము ఎవరం వినలే. ఆ పిల్లను నేను అనరాని మాట అన్న. మిమ్ములను గూడ అన్న. మనసుల పెట్టుకోకున్రి."

చంద్రిక చప్పున అటు తిరిగింది. ఈసారి కొంగుతో కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది. పనివాళ్లు జాకీ పక్కనే కొబ్బరికాయ కొట్టారు, పైలుకు దూరంగా, నేల మీద. ఎవరో మిఠాయి తెచ్చారు. మూర్తిగారు షుగరున్నదని చెబుతూనే రెండు తిన్నారు. "ఇంతకూ ఈశాన్యం పైలు సంగతేమిటి?" అన్నారు.

"దాని పక్కన ఇంకొకటి వేస్త సార్. అది అట్లనే ఉంటది. మన్నును బయటికి తియ్యలేం," అంది చంద్రిక.

"ఉండనీ," అంది విద్యావతి. "ఉన్నచోట ఉండనీ."

చంద్రిక ఫైలు తెరిచి ఒక కాగితం తీసింది. మిగిలిన ముప్పై తొమ్మిది రేపే మొదలుపెట్టవచ్చు. దానికి ముందు, పోసిన మూడింటిలో పరీక్ష జరగని ఆ ఒక్క పైలు అడుగు శుభ్రంగా కడిగి పోశామని మేస్త్రీ రాసివ్వాలి. అంతే మిగిలిన పని.

"అంజన్, నైరుతి మూల పైలు. ఇక్కడ దస్తఖత్ పెట్టు. ఇగ అబద్ధం చెప్పవుగద?"

అంజన్ పెన్ను తీసుకున్నాడు. కాగితం మీద ఆనించాడు. తీసేశాడు.

"చెప్ప మేడం," అన్నాడు. "ఒకసారి చెప్పి చాలైంది."

పెన్ను రామచందర్ వైపు చాపాడు.

"సేఠ్, ఆ మూల ముచ్చట మీరే చెప్పున్రి. ఆ మూట అమ్మది కాదు గద."

రామచందర్ నోట్లోకి పోతున్న మిఠాయి ముక్క దారిలోనే ఆగింది. విద్యావతి భర్త వైపు తిరిగింది. సీతాఫలం ఐస్‌క్రీం ఎందుకొచ్చిందో, కోపం ఎందుకు రాలేదో, క్రేను ఆ మూలకు ఎందుకు తిరగలేదో ఆమెకు ఒక్కసారిగా అర్థమైంది.

చంద్రిక పిడికిలి గడ్డం కింద పెట్టుకుని మామగారి ఎదుట నిలబడింది. కోపం లేదు, నవ్వూ లేదు. ఒక్కటే అడిగింది.

"ఎన్ని కిలోలు మామయ్యా?"